జాతి మాట వచ్చినప్పుడు నోరు జారకుండా, నోరు కట్టేసుకోకుండా మాట్లాడటం ఎలా?

అమెరికా వచ్చిన రెండో ఏడు. ఒక సోమవారం పొద్దున ఆఫీసు బ్రేక్ రూమ్‌లో కాఫీ కలుపుకుంటున్నాను. మా టీమ్‌లో పనిచేసే ఒకావిడ వచ్చింది, నల్లజాతి మనిషి. శుక్రవారం దాకా నున్నగా భుజాల మీదికి జారుతూ ఉన్న జుట్టు ఆ రోజు సన్నసన్న జడలుగా అల్లి ఉంది. నేను మనసారా మెచ్చుకుంటున్నాననుకునే అన్నాను: "చాలా బాగుంది. కానీ మొన్నటిది ఇంకాస్త ప్రొఫెషనల్‌గా ఉండేది కదా." ఆవిడ కోప్పడలేదు, నవ్వలేదు. కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

నెలన్నర తర్వాత ఒక రోజు లంచ్‌లో ఆవిడే చెప్పింది. ఇంటర్వ్యూకి ముందు జుట్టు సాపు చేయించుకోవడానికి సెలూన్‌లో గంటలకొద్దీ కూర్చుంది. మాడు మీద కెమికల్ మంట భరించింది. ఉద్యోగం వచ్చాక కూడా ఏడాదిన్నర ఆగి, మేనేజర్ మారాక, ధైర్యం చేసి తన జుట్టుని తనకి నచ్చినట్టు అల్లించుకుని వచ్చింది. ఆ పొద్దున ఆవిడకి ఎదురుపడిన మొదటి మనిషిని నేను.

"ప్రొఫెషనల్" అన్న మాటలో ఏం దాగుందో నాకప్పుడు తెలియదు. నాకు తెలియకపోయినా దెబ్బ మాత్రం ఆవిడకి తగిలింది. అప్పట్నుంచి లంచ్ టేబుల్ దగ్గర, వీకెండ్ పార్టీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, పిల్లల ముందు ఇలాంటి మాటలు వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలో ఒక్కొక్కటిగా నేర్చుకున్నాను. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళ కోసం అవన్నీ వరసగా రాస్తున్నాను. ఇక్కడ బతుకుతూ ఈ సంభాషణల నుంచి తప్పించుకోలేం. తప్పించుకున్నామని అనుకునేవాళ్ళు కూడా ఇంట్లో తెలుగులో రోజూ మాట్లాడుతూనే ఉంటారు.

మొదటి అడుగు: ఇంట్లో వాడే తెలుగు మాటల్ని సరిచేసుకోండి

ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మనం చాలా జాగ్రత్తగా ఉంటాం. కారెక్కి ఇంటికి ఫోన్ చేయగానే ఆ జాగ్రత్త పోతుంది. తెలుగు ఎవరికీ అర్థం కాదన్న ధీమా అది. కానీ వెనక సీట్లో కూర్చున్న పిల్లలకి అర్థమవుతుంది.

"మా కుడిపక్కన అమెరికన్స్ ఉంటారు, ఎడమపక్కన నల్లోళ్ళు, వెనకాల మనోళ్ళు." ఈ మాట నేను ఎన్ని ఇళ్ళలో విన్నానో చెప్పలేను. నేనూ అన్నాను. ఒక్కసారి ఆగి చూడండి. ఎడమపక్క కుటుంబం పూర్వీకులు ఈ నేల మీదికి వచ్చి మూడు నాలుగు వందల ఏళ్ళు అయి ఉండొచ్చు. 1619లోనే ఆఫ్రికన్లని బందీలుగా వర్జీనియా తీరానికి తెచ్చారు. కుడిపక్కాయన తాత 1950ల్లో యూరప్ నుంచి వచ్చి ఉండొచ్చు. అయినా మన నోట్లో కుడిపక్కవాళ్ళే "అమెరికన్స్". తెల్లగా ఉంటేనే అమెరికన్ అన్న అర్థాన్ని మనం తెలియకుండానే మన భాషలోకి తెచ్చుకున్నాం. ఆ లెక్కన ఇక్కడ పుట్టిన మన పిల్లలు కూడా అమెరికన్లు కారు. అందుకే ముందు మార్చుకోవాల్సింది ఇదే. తెల్లవాళ్ళని చెప్పాలంటే తెల్లవాళ్ళు అనండి. "అమెరికన్స్" అంటే అందరూ.

నల్లజాతివాళ్ళని వెక్కిరించే "కాలూగాళ్ళు" లాంటి మాటలు పూర్తిగా మానేయాలి. సరదాకి, స్నేహితుల మధ్య, ముద్దుగా అన్న మినహాయింపులేవీ వద్దు. "నీగ్రో" అన్నది పాత తెలుగు పుస్తకాల్లో, పేపర్లలో మామూలు మాటగా కనిపిస్తుంది కాబట్టి మన పెద్దవాళ్ళకి అందులో తప్పు తోచదు. ఇక్కడ అది చెవిన పడితే అవమానమే. తెలుగులో మాట్లాడేటప్పుడు "నల్లజాతివాళ్ళు" అనొచ్చు, "బ్లాక్" అన్నా తప్పు లేదు. "ఆఫ్రికన్ అమెరికన్" అనేది అందరికీ సరిపోదు. నైజీరియా నుంచి మొన్న వచ్చిన డాక్టరు, జమైకా నుంచి వచ్చిన నర్సు తమని అలా చెప్పుకోకపోవచ్చు. వాళ్ళు తమ గురించి ఏ మాట వాడతారో విని అదే వాడితే గొడవే లేదు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఏదైనా సంగతి చెప్పేటప్పుడు జాతిని ఎందుకు చెబుతున్నారో చూసుకోండి. "ఈ రోజు ఒక నల్లాయన నా కారుకి అడ్డం వచ్చాడు" అంటాం. తెల్లాయన అడ్డం వస్తే "ఎవడో" అంటాం. ఆ తేడా కనిపెట్టడానికి నాకు చాలా కాలం పట్టింది.

రెండో అడుగు: ముసుగు మాటని గుర్తుపట్టండి

జాతి పేరు ఎత్తకుండా జాతి గురించే చెప్పే మాటల్ని నేను ముసుగు మాటలంటాను. అమెరికా రాజకీయాల్లో ఇవి అనుకోకుండా పుట్టుకొచ్చినవి కావు, కావాలని తయారైనవి. 1981లో లీ ఆట్‌వాటర్ అనే రిపబ్లికన్ వ్యూహకర్త ఒక రాజకీయ శాస్త్రవేత్తకి ఇచ్చిన ఇంటర్వ్యూలో ఈ పద్ధతిని విడమరిచి చెప్పాడు. 1954లో అయితే నల్లజాతివాళ్ళని బూతుమాటతో బాహాటంగా తిట్టి ఓట్లు అడగొచ్చు. 1968 నాటికి అలా అంటే మనకే నష్టం, కాబట్టి "రాష్ట్రాల హక్కులు" అంటాం, నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే బడిలో కలపడానికి నడిపే బస్సుల్ని "బలవంతపు స్కూల్ బస్సులు" అంటాం. తర్వాత ఇంకా దూరం జరిగి పన్నుల తగ్గింపు గురించి మాట్లాడతాం, దాని దెబ్బ మాత్రం నల్లజాతివాళ్ళకే ఎక్కువ తగులుతుంది. ఆయన చెప్పిన సారాంశం ఇది. ఆ టేపు 2012లో జనం ముందుకి వచ్చింది.

దీన్ని ఇంకో ఘటన పక్కన పెట్టి చూడండి. 1980 ఆగస్టు 3న, అధ్యక్ష పదవికి పోటీచేస్తున్న రొనాల్డ్ రేగన్ మిసిసిపీలో నెషోబా కౌంటీ సంతలో ప్రసంగిస్తూ తనకి రాష్ట్రాల హక్కుల మీద నమ్మకం ఉందన్నాడు. వినడానికి పాఠ్యపుస్తకంలో మాటలా ఉంటుంది. కానీ అక్కడికి దగ్గర్లోనే 1964లో నల్లజాతివాళ్ళ ఓటు హక్కు కోసం పనిచేస్తున్న ముగ్గురు యువకుల్ని చంపేశారు. నల్లవాళ్ళని, తెల్లవాళ్ళని విడివిడిగా ఉంచే చట్టాలని నిలబెట్టుకోవడానికి దక్షిణాది నాయకులు దశాబ్దాలపాటు చూపించిన సాకు సరిగ్గా ఆ "రాష్ట్రాల హక్కులే". ఎక్కడ, ఎవరి ముందు అన్నారో తెలిస్తే తప్ప మాట బరువు తెలియదు.

మాటలు తిరగబడటం కూడా చూడాలి. "వోక్", అంటే మేలుకుని ఉండటం, అన్నది ఇప్పుడు తిట్టుగా వినిపిస్తోంది. అది నల్లజాతివాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్న హెచ్చరిక. 1931లో అలబామాలోని స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద అత్యాచారం కేసు తప్పుడుగా బనాయించారు. దాని గురించి పాడిన గాయకుడు లెడ్ బెల్లీ 1938 రికార్డింగ్ చివర్లో ఆ దారిన వెళ్ళే తన జనాన్ని మెలకువగా ఉండమని చెబుతూ ఆ మాట వాడాడు. ప్రాణం కాపాడుకోవడానికి పుట్టిన మాట అది. ఇప్పుడు టీవీ చర్చల్లో అది ఏ స్థితికి వచ్చిందో వింటుంటే నాకు బాధగా ఉంటుంది.

కొత్త ముసుగులూ వస్తున్నాయి. 2024 మార్చిలో బాల్టిమోర్‌లో ఓడ ఢీకొని పెద్ద వంతెన కూలింది. వెంటనే సోషల్ మీడియాలో కొందరు ఆ నగర మేయర్‌ని "డీఈఐ మేయర్" అని ఎగతాళి చేశారు. ఆయన నల్లజాతి మనిషి, జనం ఓట్లేసి గెలిపించిన మేయర్. కంపెనీ నియామకాల్లో అన్ని వర్గాలవాళ్ళకీ చోటివ్వాలన్న విధానానికి పొట్టి పేరైన ఆ మూడక్షరాలకీ ఎన్నికల్లో గెలిచిన మనిషికీ, ఓడ ఢీకొనడానికీ సంబంధం ఏముంది? ఇలా మాటకీ సందర్భానికీ పొంతన లేనప్పుడు అనుమానించండి. అక్కడ ఆ మాట ఇంకేదో మాట బదులు నిలబడి ఉంది.

మన రోజువారీ బతుకులో మాత్రం ముసుగు మాటలు ఎక్కువగా ఇల్లు కొనేటప్పుడు వస్తాయి. "మంచి స్కూల్స్", "సేఫ్ ఏరియా", "అటువైపు క్రౌడ్ బాగుండదు." ఈ మాటలకి 1930ల మ్యాపుల దాకా వెళ్ళే చరిత్ర ఉంది. అప్పట్లో ఒక ప్రభుత్వ సంస్థ ఇంటి అప్పుల కోసం నగరాల మ్యాపులు గీయించింది. నల్లజాతివాళ్ళు ఉండే పేటలకి దాదాపుగా ఎర్ర రంగు వేసి ప్రమాదకరం అని ముద్ర కొట్టింది. అక్కడ అప్పులు పుట్టవు, ఇళ్ళ విలువ పెరగదు. స్కూళ్ళకి డబ్బులో పెద్ద భాగం ఆస్తిపన్ను నుంచే వస్తుంది కాబట్టి బడులూ దెబ్బతిన్నాయి. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఈ వివక్షని నిషేధించింది. కొనేవాళ్ళ జాతిని బట్టి ఏజెంటు ఒక పేట వైపు నడిపించడం, ఇంకో పేట నుంచి తప్పించడం ఆ చట్టానికి విరుద్ధం. అందుకే "అక్కడ ఎలాంటి వాళ్ళుంటారు?" అని మీరడిగితే మంచి ఏజెంటు జవాబు చెప్పడు. అదే ప్రశ్నకి పార్టీలో మన అన్నలు మాత్రం హాయిగా జవాబు చెప్పేస్తారు.

మూడో అడుగు: ముసుగు తీయించే ప్రశ్న అడగండి

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ముసుగు మాట వినగానే "నువ్వు రేసిస్ట్‌వి" అనేస్తారు. అక్కడితో మాట ఆగిపోతుంది, మిగిలిన సాయంత్రమంతా ఆ మనిషి తను రేసిస్ట్ కాదని నిరూపించుకోవడంలో గడుస్తుంది. నేను చేసి చూశాను, ఒక స్నేహం పోగొట్టుకున్నాను.

దానికంటే, మాటని వివరంగా చెప్పమని అడగడం మేలు. గొంతు మామూలుగా ఉండాలి. ఒక పాట్‌లక్‌లో జరిగిన సంభాషణ దాదాపు ఇలా సాగింది.

"అటువైపు తీసుకోకక్కా, ఏరియా అంత బాగుండదు."

"ఏం బాగుండదు తమ్ముడూ? దొంగతనాలా?"

"దొంగతనాలని కాదు... అదొక టైపు ఏరియా."

"మనం చూస్తున్న రెండు పేటల్లో పోలీసుల లెక్కలు నేను చూశాను, పెద్ద తేడా లేదు. ఇంకేమన్నా ఉంటే చెప్పు, ఇల్లు కొనేది నేనే కదా, తెలుసుకోవాలి."

"అంటే... బ్లాక్స్ ఎక్కువుంటారని."

"అదా. దాంతో నాకు ఇబ్బంది లేదు."

అంతే. ఉపన్యాసం లేదు. కానీ దాచుకున్న మాట టేబుల్ మీదికి వచ్చింది, అతను తన చెవులతో తనే విన్నాడు. నిజంగానే దొంగతనాల భయం ఉంటే ఆ ప్రశ్నకి లెక్కలతో జవాబు వచ్చేది, అదీ పనికొచ్చే సమాచారమే. ఈ ప్రశ్నలో ఉన్న మంచి గుణం అది. ముసుగు లేని మనిషిని అవమానించదు.

స్కూలు రేటింగుల గురించి కూడా ఒక మాట. వెబ్‌సైట్లు ఇచ్చే ఆ అంకెల్లో పరీక్ష మార్కుల వాటా పెద్దది. మార్కులు చాలావరకు కుటుంబాల ఆదాయాన్ని బట్టి నడుస్తాయి. రేటింగ్ చూసి ఆగిపోకుండా స్కూలుకి ఒకసారి వెళ్ళి ప్రిన్సిపల్‌తో మాట్లాడండి.

ఇక మన మీద వాడే ముసుగు మాటలు. "ఇండియన్స్ కష్టపడతారు, ఎవరినీ ఏమీ అడగరు" అని ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్ళు పొంగిపోతుంది. ఆ పొగడ్తకి రెండో కొస ఉంది. 1966లో, పౌరహక్కుల ఉద్యమం వేడిగా ఉన్నప్పుడు, ఒక పెద్ద పత్రికలో జపనీస్ అమెరికన్లు సొంత కష్టంతో ఎలా పైకొచ్చారో పొగుడుతూ వ్యాసం వచ్చింది. "మోడల్ మైనారిటీ" అన్న ఆలోచన అక్కడినుంచే జనంలోకి వెళ్ళిందని చెబుతారు. వాళ్ళు చేయగలిగినప్పుడు మీరెందుకు చేయలేరని నల్లజాతివాళ్ళని అడగడానికి అది పనికొచ్చింది. ఇలాంటి పొగడ్త వస్తే నేను ఒకటే చెబుతాను: "మేం వీసా వడపోతలో చదువు చూసి ఎంచిన జనం. మాతో ఎవర్నీ పోల్చకండి."

నాలుగో అడుగు: జుట్టు, చర్మం గురించి మెచ్చుకునే ముందు

నా సొంత తప్పు ఇక్కడే కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను.

నల్లజాతి స్త్రీల జుట్టు మీద ఈ నేలపై చట్టాలే వచ్చాయి. 1786లో, లూసియానా స్పెయిన్ పాలనలో ఉన్నప్పుడు, గవర్నర్ ఎస్తెబాన్ మిరో ఆఫ్రికన్ మూలాలున్న స్త్రీలు జుట్టుని గుడ్డతో కప్పుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. వాళ్ళ అందం, అలంకరణ తెల్ల స్త్రీలకి పోటీ అవుతున్నాయని కోపం. ఆ స్త్రీలు ఏం చేశారంటే, ఖరీదైన రంగురంగుల బట్టతో తలపాగాలు చుట్టి దాన్నే కొత్త ఫ్యాషన్ చేశారు.

1981కి రండి. ఒక నల్లజాతి ఉద్యోగిని తన విమానయాన సంస్థ మీద కోర్టుకి వెళ్ళింది. నెత్తికి అంటుకునేలా అల్లిన జడలు, అంటే కార్న్‌రోస్, వేసుకోవద్దన్నారు, అది తమ సంస్కృతి అని ఆవిడ వాదించింది. న్యూయార్క్ కోర్టు ఒప్పుకోలేదు. పైగా 1979 సినిమాలో తెల్లజాతి నటి బో డెరెక్ ఆ జడలతో కనిపించి వాటిని ప్రాచుర్యంలోకి తెచ్చాకే ఈవిడ అలా వేసుకొచ్చిందని తీర్పులో ప్రస్తావించింది. తరతరాలుగా అమ్మమ్మలు అల్లిన జడకి ఒక సినిమా తార గుర్తింపు తెచ్చిందన్నమాట! 2018లో కిమ్ కర్దాషియన్ అలాంటి జడలే వేసుకుని వాటిని బో డెరెక్ జడలంది. అందుకే అంత గొడవైంది. జడ వేసుకున్నందుకు కాదు, దాని పేరు, ఊరు చెరిపేసినందుకు.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోవద్దు. అలబామాలో ఒక మహిళకి 2010లో ఉద్యోగం ఇస్తామని చెప్పి, లాక్స్, అంటే తాళ్ళలా పాయలుగా పెంచుకునే జుట్టు, తీసేయనందుకు వెనక్కి తీసుకున్నారు. 2016లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కంపెనీ పక్షానే తీర్పు ఇచ్చింది. 2014లో అమెరికా సైన్యం ఇలాంటి జుట్టు తీరుల్ని నిషేధిస్తే గోల అయ్యి సవరించుకుంది, 2017లో లాక్స్‌కి అనుమతి ఇచ్చింది. 2019లో కాలిఫోర్నియా తొలిసారిగా క్రౌన్ చట్టం తెచ్చి, ఆఫీసుల్లో, బడుల్లో జుట్టు తీరు పేరుతో వివక్ష చూపకూడదంది. ఇప్పుడు 20కి పైగా రాష్ట్రాల్లో అలాంటి చట్టం ఉంది. టెక్సస్‌లో 2023లో వచ్చింది. దేశమంతటికీ వర్తించే బిల్లుని 2022లో ప్రతినిధుల సభ ఆమోదించింది కానీ సెనేట్ దాటలేదు.

ఇంత తెలిశాక ఏం చేయాలో సులువే. జుట్టు నచ్చితే "బాగుంది" అనండి, అక్కడ ఆగండి. పాతదానితో పోల్చకండి. "నీ సొంత జుట్టేనా?" అని అడగకండి. చెయ్యి పెట్టి చూడకండి, "పట్టుకోవచ్చా?" అని అడగడం కూడా వద్దు. కాదనే ఇబ్బందిలో ఆ మనిషిని పెట్టడమే అది. మీరు మేనేజర్ అయితే, ఇంటర్వ్యూ నోట్స్‌లో "పాలిష్డ్‌గా లేదు", "కల్చర్ ఫిట్ కాదు" అని రాసేముందు ఆ మనిషి ఏం చేసినందుకు అలా రాస్తున్నారో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ మాట కొట్టేయండి.

మీ అమ్మాయి బర్త్‌డేకి బాక్స్ బ్రెయిడ్స్, అంటే నల్లజాతివాళ్ళు వేసుకునే సన్నసన్న జడలు, వేసుకుంటానంటే? ఇందులో అందరూ ఒప్పుకునే జవాబు లేదు. నా అభిప్రాయం చెబుతాను. మన జుట్టు స్వభావానికి ఆ జడలు పడవు, కుదుళ్ళు లాగేస్తాయి. అది ముందు చెప్పండి. తర్వాత, అదే జడతో బడికి వెళ్ళిన నల్లజాతి పిల్లల్ని ఇంటికి పంపేసిన సంగతులు చెప్పి, తన క్లాసులో స్నేహితురాలు ఏమనుకుంటుందో అడగమనండి. తనకి అర్థం కావడానికి మన నూనె సంగతి చెప్పండి. తలకి నూనె పెట్టుకుని బస్సెక్కితే వాసనని ముక్కు మూసుకున్న తరం మనది. కొన్నేళ్ళ క్రితం అదే నూనె "హెయిర్ స్లగింగ్" అన్న కొత్త పేరుతో వీడియోల్లో ట్రెండ్ అయింది. 2025లో మన దుపట్టాని "స్కాండినేవియన్ స్కార్ఫ్" అన్నారు. అప్పుడు మన కడుపులో కలిగిన మంటే, ఆ జడల గురించి వాళ్ళది. మా ఇంట్లో ఇలా చెప్పాకే విషయం ఎక్కింది.

చర్మం రంగు మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. 2020 జూన్‌లో దేశమంతా నల్లజాతివాళ్ళ కోసం నిరసనలు జరుగుతుంటే, ఇక్కడి దక్షిణాసియా మహిళలు మన ఇంటి సంగతి కూడా బయటపెట్టారు. వాళ్ళ సంతకాల సేకరణతో ఒక పెద్ద పెళ్ళిసంబంధాల సైట్ చర్మపు రంగు ఫిల్టర్‌ని తీసేసింది. ఆ నెలలోనే ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మార్చుతున్నట్టు కంపెనీ ప్రకటించింది. ఆ క్రీము మాత్రం అలాగే అమ్ముతున్నారు. ఇంట్లో "ఎండలో ఆడకు, నల్లబడతావ్" అని అరిచే బదులు "సన్‌స్క్రీన్ రాసుకుని వెళ్ళు" అనండి. పాపకి చర్మం కాపాడుకోవడం తెలుస్తుంది, నలుపు అంటే శిక్ష అన్న అర్థం తలకెక్కదు.

ఐదో అడుగు: నిరసనల గురించి మాట్లాడేటప్పుడు మూడింటిని విడదీయండి

ఏం అడుగుతున్నారు, ఎలా అడుగుతున్నారు, ఆ రోజు ఏం జరిగింది. ఈ మూడూ వేర్వేరు. అన్నీ కలిపి "ఈ గొడవలేంటి" అంటే ఇక మాట్లాడటానికేమీ మిగలదు.

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు మోకాలితో మెడ నొక్కి చంపాక దేశమంతా జనం రోడ్ల మీదికి వచ్చారు. మన గ్రూపుల్లో తిరిగిందంతా తగలబడుతున్న షాపుల వీడియోలే. ఘర్షణల్ని నమోదు చేసే ఏక్‌లెడ్ సంస్థ ఆ వేసవిలో బ్లాక్ లైవ్స్ మ్యాటర్‌కి సంబంధించిన 7,750కి పైగా ప్రదర్శనల్ని లెక్కించి, 93 శాతానికి పైగా శాంతియుతంగా జరిగాయని తేల్చింది. షాపులు కాలింది నిజం, లెక్క కూడా నిజం. రెండూ చెప్పండి. షాపు పోయిన మనిషి బాధని కొట్టిపారేస్తే మీ లెక్కని ఎవరూ వినరు.

ఆ షాపుల్లో ఒకటి మన ఉపఖండం మనిషిదే. మినియాపొలిస్‌లో గాంధీ మహల్ అనే రెస్టారెంట్, యజమాని బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాడు. గాయపడిన నిరసనకారులకి చికిత్స చేయడానికి అక్కడ చోటిచ్చారు. తర్వాత మంటల్లో అది కాలిపోయింది. భవనం పోతే పోనీ, న్యాయం జరగాలని ఆయన అన్న మాటని ఆయన కూతురు సోషల్ మీడియాలో పెట్టింది. అందరం అలా అనగలమని నేను చెప్పడం లేదు. నేనైతే ఏమనేదాన్నో కూడా తెలియదు. కానీ "మనలాంటి వాళ్ళకి దీంతో ఏం పని?" అని ఎవరైనా అంటే నేను ఈ సంగతి చెబుతాను.

"మార్టిన్ లూథర్ కింగ్‌లా పద్ధతిగా అడగొచ్చు కదా" అన్నది తరచూ వచ్చే మాట. కింగ్ బతికుండగా, 1966లో గాలప్ సర్వేలో 63 శాతం అమెరికన్లు ఆయన మీద వ్యతిరేకతే చూపించారు. ఈ ఒక్క అంకె చెప్పి, "అప్పుడు మనం ఉండి ఉంటే ఏమనేవాళ్ళం అంకుల్?" అని మర్యాదగా అడగండి.

ఇద్దరు మనుషులు ఎలా మాట్లాడుకోవచ్చో చూపించే ఘటన ఒకటి నాకు చాలా ఇష్టం. 2016 ఆగస్టులో ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కాపర్‌నిక్ పోలీసు హింసకి నిరసనగా జాతీయగీతం సమయంలో బెంచీ మీద కూర్చుండిపోయాడు. సైన్యంలో ప్రత్యేక దళంలో పనిచేసిన నేట్ బోయర్‌కి అది నొప్పించింది. తిట్టలేదు, బహిరంగ లేఖ రాశాడు. కాపర్‌నిక్ కలుద్దామన్నాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. కూర్చోవడం కన్నా మోకాలి మీద వంగితే బాగుంటుంది, సైనికులు చనిపోయిన తోటివాళ్ళ సమాధి దగ్గర అలాగే వంగుతారని బోయర్ చెప్పాడు. సెప్టెంబర్ 1న కాపర్‌నిక్ మోకాలి మీద వంగాడు, బోయర్ పక్కనే నిలబడ్డాడు. ఒకరు నిరసన మానలేదు, ఇంకొకరు జెండా మీద గౌరవం వదులుకోలేదు.

మనకి ఇందులో ఏం సంబంధం అన్నవాళ్ళకి రెండు తేదీలు చాలు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు ఇచ్చింది. 1965 అక్టోబర్ 3న కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టం మీద సంతకం అయ్యాకే మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో రాగలిగారు. దానికి ముందటేడు పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చాయి. రోడ్డెక్కి దెబ్బలు తిన్నవాళ్ళు మార్చిన గాలిలోనే మన వీసా తలుపు కూడా తెరుచుకుంది.

ఒక జాగ్రత్త. వీసా మీద ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు నిరసనలకి వెళ్ళడానికి భయపడితే వాళ్ళని పిరికివాళ్ళు అనొద్దు. 2025లో క్యాంపస్ నిరసనల్లో పాల్గొన్నందుకు, వ్యాసం రాసినందుకు విదేశీ విద్యార్థుల్ని నిర్బంధించారు. ఆ టెన్షన్ ఊహ కాదు. వెళ్ళాలనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. వెళ్ళలేనివాళ్ళకి డిన్నర్ టేబుల్ దగ్గర చేయగలిగిన పని చాలా ఉంది.

ఆరో అడుగు: నోరు జారితే

"నేను అన్నది తప్పు. ఇంకోసారి అనను." ఇంతే చెప్పండి. "నా ఉద్దేశం అది కాదు", "మా దగ్గర ఇలాగే అంటారు" అని మొదలుపెడితే, దెబ్బ తిన్న మనిషే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. నేను లంచ్‌లో సరిగ్గా అదే చేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఈసారి పొట్టిగా చెప్పాను.

ఏడో అడుగు: పిల్లలు అడిగినప్పుడు

షాపులో నాలుగేళ్ళ పిల్ల గట్టిగా "అమ్మా, ఆ ఆంటీ ఎందుకంత నల్లగా ఉంది?" అంటుంది. మన మొదటి పని నోరు మూయించడం. అలా చేస్తే నలుపు అన్నది సిగ్గుపడాల్సిన సంగతి అని ఆ క్షణంలో నేర్పేసినట్టే. "ఒక్కొక్కరి చర్మంలో మెలనిన్ ఒక్కోలా ఉంటుంది. నాది ఇంత, నీది ఇంత. ఆంటీది బాగుంది కదా?" అని అదే గొంతుతో చెప్పండి. ఆవిడ విన్నా ఇబ్బంది ఉండదు.

పెద్ద పిల్లలకి మన మీద జరిగినవీ చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలాతేలో మన తెలుగు ఇంజనీర్ని మా దేశం నుంచి పొండని అరుస్తూ కాల్చి చంపారు. అడ్డుపడిన తెల్లజాతి యువకుడికి తూటా తగిలింది. బయట తెలుగు మాట్లాడొద్దని అప్పుడు మెసేజీలు తిరిగాయి. మా ఇంట్లో ఆ మాట పాటించలేదు.

ఎనిమిదో అడుగు: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో

ఆరు నెలల కోసం వచ్చిన పెద్దవాళ్ళని అందరి ముందు సరిదిద్దకండి. పరువు పోయిందన్న బాధలో అసలు విషయం వినరు. సాయంత్రం వాకింగ్‌లో, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి.

మా నాన్నగారు వచ్చిన కొత్తలో పక్కింటాయన కనిపించగానే వీధి అటుపక్కకి మారేవారు. ఒక సాయంత్రం అడిగాను. "నల్లాయన కదమ్మా, భయం" అన్నారు. ఆయన రిటైరైన పోస్ట్‌మ్యాన్ అని, చలికాలం మన ముంగిట్లో మంచు కూడా ఆయనే తీస్తాడని చెప్పాను. నాన్నగారు కాసేపు నడిచి, "మరి ఏమని పిలవాలి?" అన్నారు. "పేరుతో నాన్నా. అడిగితే చెబుతారు."

రెండు రోజుల తర్వాత మా ఫ్రిజ్ మీద చిన్న చీటీ కనిపించింది. నోరు తిరగని ఇంగ్లీషు పేరుని తెలుగు అక్షరాల్లో విడదీసి రాసుకున్నారు, రేపు పొద్దున తప్పు లేకుండా పలకాలని.